కూలరు పెట్టే కిటికీ, పడమటి బెడ్‌రూం: తొలిసారి పెంచేవాళ్లకు ఏ ఇండోర్ మొక్కలు మంచివి?

బాల్కనీ లేని ఇల్లు:

అందరికీ నమస్తే. హన్మకొండల నక్కలగుట్ట దిక్కు రెండో అంతస్తుల కిరాయికి ఉంటున్నం. బాల్కనీ లేదు. హాలుకు తూర్పు కిటికీ ఒక్కటే, ఉగాది దాటినంక దాంట్ల కూలరు పెడ్తం, వానలు పడేదాక తియ్యం. బెడ్‌రూంకు పడమటి కిటికీ, మధ్యాహ్నం రెండు దాటితే ఎండ నేరుగ లోపలికి వస్తది. వంటింట్ల సింకు మీద చిన్న కిటికీ ఉంది, అవతల పక్కింటి గోడ. వాడేది బోరు నీళ్లు, బకెట్లకు తెల్లగ పొర కడ్తది. నల్లా నీళ్లు పొద్దుగాల కొద్దిసేపే వస్తయి. ఇంట్ల రెండేండ్ల పాప ఉంది, దొరికిందల్ల నోట్ల పెట్టుకుంటది.

పోయిన వానకాలం ఒక అరెకా పామ్, ఒక పీస్ లిల్లీ తెచ్చినం. రోజు పొద్దున చెరొక గ్లాసు నీళ్లు పోసినం. పామ్ ఆకుల కొసలు ఎండుకుంట ఎండుకుంట పోయింది, లిల్లీ మొదలు కుళ్లింది. ఈసారి తేలికగ బతికేవి మూడు నాలుగు చాలు. ఏవి కొనాలె? మట్టి ఎట్ల కలపాలె? ఎన్ని రోజులకోసారి నీళ్లు పొయ్యాలె? దసరాకు పది రోజులు ఊరికి పోతం, అప్పుడు ఎట్ల?

చెల్కమట్టి:

మొక్కల పేర్లు తర్వాత, ముందు మీ ఇంట్లో వెలుతురు కొలవండి. మబ్బు లేని రోజు మధ్యాహ్నం 12 గంటలకు, మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరచండి. దానికి అడుగు ఎత్తున అరచెయ్యి పట్టండి. వేళ్ల అంచులతో సహా నీడ స్పష్టంగా పడితే అది మంచి వెలుతురు. చెయ్యి ఆకారం తెలుస్తూ అంచులు చెదిరిపోతే మధ్యస్థం. నీడ ఉందా లేదా అన్నట్టుంటే తక్కువ. కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. కన్ను మసక వెలుతురుకు అలవాటు పడిపోతుంది కాబట్టి లోపలి మూల కూడా మనకు వెలుగ్గానే అనిపిస్తుంది. కిటికీకి ఆరేడు అడుగుల లోపల ఉన్న ఆకుకు మాత్రం కిటికీ దగ్గర అందేదాంట్లో చిన్న వంతే అందుతుంది.

హాల్లో ఈ పరీక్ష రెండుసార్లు చెయ్యాలి, కూలరు లేనప్పుడు ఒకసారి, పెట్టాక ఒకసారి. మన దిక్కు ఇళ్లల్లో మొక్కలు దెబ్బతినేది ఎక్కువగా ఈ కూలరు నెలల్లోనే. మార్చి దాకా బాగున్న మనీ ప్లాంట్ ఏప్రిల్‌లో కిటికీ మూసుకుపోగానే కొత్త ఆకులు చిన్నగా, చారలు లేకుండా వేస్తుంది. వెలుతురు తగ్గితే మొక్క తాగే నీళ్లు తగ్గుతాయి. పైగా కూలరు గాలిలో తేమ ఉంటుంది, కుండీ ఇంకా మెల్లగా ఆరుతుంది. ఇంటివాళ్లేమో ఎండాకాలం కదా అని ఒక గ్లాసు ఎక్కువ పోస్తారు. మే నెల నడి ఎండల్లో వేళ్లు కుళ్లి చచ్చే మొక్కలు ఇట్లాంటివే.

మీ హాలుకు జెడ్‌జెడ్ ప్లాంట్ సరిపోతుంది. దాని మొదట్లో మట్టి కింద ఆలుగడ్డల్లాంటి దుంపలు ఉంటాయి, నీళ్లు వాటిలో దాచుకుంటుంది. వెలుతురు తక్కువైనా రెండు మూడు నెలలు ఓర్చుకుంటుంది, ఆ కాలంలో పెరుగుదల దాదాపు ఆగిపోతుంది, అంతే. కొనేటప్పుడు కుండీ గోడలను వేళ్లతో నొక్కి చూడండి. లోపల గట్టిగా తగిలితే దుంపలు ఊరినట్టు.

పడమటి బెడ్‌రూంకు స్నేక్ ప్లాంట్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా కిటికీ పక్కనే పెట్టొచ్చు. మార్చి రాగానే మూడు అడుగులు లోపలికి జరపండి, లేదా తెల్లటి పల్చని పరదా కట్టండి. మేలో పడమటి అద్దానికి ఆనుకున్న ఆకు మీద గడ్డిరంగు మచ్చలు పడతాయి, అవి మళ్లీ పచ్చబడవు. అదే కిటికీ గట్టు మీద ఎండ కావాల్సిన మొక్క ఒకటి పెట్టాలనుంటే కలబంద పెట్టండి.

వంటింటి కిటికీకి ఆకుపచ్చ రకం మనీ ప్లాంట్. తెల్లచారలు ఎక్కువ ఉన్న రకాలు ఆ వెలుతురుకు చారలు పోగొట్టుకుంటాయి. నాలుగోది కావాలంటే స్పైడర్ ప్లాంట్, కూలరు లేని నెలల్లో తూర్పు కిటికీలో, కూలరు వచ్చాక పరదా వెనక పడమటి గదిలో.

మొదటి ఏడాది వద్దనేవి కూడా చెప్తాను. అరెకా పామ్‌కు మంచి వెలుతురు, గాలిలో తేమ రెండూ కావాలి, ఉప్పునీళ్లు పడవు. పీస్ లిల్లీ దాహమేస్తే వాలిపోతుంది, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేస్తుంది, కానీ వేళ్లు కుళ్లినా అట్లాగే వాలుతుంది. కొత్తవాళ్లు ఆ తేడా తెలియక మళ్లీ నీళ్లు పోస్తారు. జేడ్, చిన్న చిన్న సక్యులెంట్లు తేలిక అని అమ్ముతారు గానీ నేరుగా ఎండ లేని గదిలో సాగి వాలిపోతాయి. తులసికి రోజుకు ఐదారు గంటల ఎండ కావాలి, దాన్ని గది లోపల బతికించాలని చూడకండి.

ఇక నీళ్లు. "ఎన్ని రోజులకోసారి" అనే లెక్క పెట్టుకుంటే మొక్క పోతుంది. కాలిపోయిన అగరుబత్తి పుల్లను కుండీ అంచు దగ్గర నుంచి అడుగు దాకా గుచ్చి, 10 నిమిషాలు ఉంచి తియ్యండి. పుల్ల తడిగా, మట్టి అంటి వస్తే ఆగండి. పైన సగం పొడిగా, కొసన మాత్రమే చల్లగా ఉంటే మనీ ప్లాంట్‌కు, స్పైడర్‌కు పొయ్యండి. మొత్తం పొడిగా వచ్చాకే జెడ్‌జెడ్‌కు, స్నేక్‌కు. పోసినప్పుడు మాత్రం కింది రంధ్రాల్లోంచి కారేదాక పొయ్యాలి. 6 అంగుళాల కుండీకి సుమారు 250 నుంచి 300 మిల్లీలీటర్లు పడుతుంది. 15 నిమిషాలాగి ప్లేటులో నీళ్లు పారబొయ్యండి. రోజూ గ్లాసు పోస్తే కుండీ అడుగున మట్టి ఎప్పుడూ బురదగానే ఉంటుంది. వేళ్లకు గాలి అందదు, గాలి లేని చోట కుళ్లు మొదలవుతుంది. మీ లిల్లీ పోయింది దీనితోనే.

కాజీపేట కుండీలు:

మట్టి గురించి నేను చెప్త. మన నర్సరీలల్ల దొరికే మొక్కలు శానమట్టుకు కడియం నుంచి లారీల మీద వచ్చేటివే. నల్ల కవర్లల్ల ఉండే మట్టి జిగట బంకమన్ను. అక్కడి తేమకు, పొద్దుమాపు తడిపే నర్సరీకి అది నడుస్తది. మన ఇంట్ల ఒకసారి ఎండితే ఇటుక లెక్క గట్టిపడ్తది, పైన పోసిన నీళ్లు కవరు అంచు పొంటి జారి కిందికి పోతయి, నడుమ గడ్డ పొడిగనే ఉంటది. లేకుంటే మొత్తం నాని పది రోజులు ఆరది.

అట్లని తెచ్చిన రోజే మార్చొద్దు. నర్సరీల గ్రీన్ నెట్ కింద నుంచి మీ హాలుకు వచ్చుడే దానికి పెద్ద మార్పు. పది పదిహేను రోజులు కవర్లనే ఉంచుండ్రి. అడుగు ఆకులు ఒకటి రెండు పసుపెక్కి రాలితే భయపడొద్దు. తర్వాత ఒక పూట ముందు తడిపి, కవరు కోసి, బయటి బంకమన్నును చేతివేళ్లతోని మెల్లగ రాల్చుండ్రి. నడుమ వేళ్ల ముద్దను పీకొద్దు. నడి ఎండాకాలంల ఈ పని పెట్టుకోవద్దు, జూన్ ఆఖరు నుంచి సెప్టెంబర్ దాక మంచిది.

జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్లకు: ఎర్రమట్టి 2 పాళ్లు, దొడ్డు ఉసికె 2 పాళ్లు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి) 1, వర్మీ కంపోస్ట్ 1. మనీ ప్లాంట్, స్పైడర్, అగ్లోనిమా లాంటి వాటికి: కోకోపీట్ 2, ఎర్రమట్టి 1, వర్మీ కంపోస్ట్ 1, పిడికెడు ఉసికె. నల్లరేగడి కుండీల పొయ్యొద్దు, ఎండితే పర్రెలిచ్చి వేళ్లను తెంపుతది. ఉసికె ఇల్లు కట్టే చోట దొరికేదే, కాని జల్లెడ పట్టి సన్నటిది పారబోసి, మీద మిగిలిన దొడ్డుదాన్ని రెండు మూడుసార్లు కడిగి వాడాలె. సన్న ఉసికె మట్టి సందులల్ల కూసొని గాలి పోకుంట చేస్తది. క్రషర్ డస్ట్ అసలే వద్దు.

కోకోపీట్ 650 గ్రాముల ఇటుక తెస్తే 4 లీటర్ల నీళ్లల్ల అరగంట నానబెట్టుండ్రి, ఉబ్బి 8 లీటర్ల దాక అయితది. ఆ నీళ్లు పిండి పారబోసి ఇంకోసారి మంచినీళ్లల్ల నానబెట్టి పిండుండ్రి. దాంట్ల ఉప్పు ఉంటది, కడగకుంటే ఆకు కొసలు కాలుతయి.

కుండీ వేళ్ల ముద్ద కంటె అంగుళం, అంగుళంన్నర వెడల్పు ఉంటే చాలు. పెరుగుతదని ముందుగాలనే పెద్ద తొట్టి పెడితే, వేళ్లు లేని మట్టి తడిగనే ఉండిపోతది. చెయ్యి ఆగక నీళ్లు పోసెటోళ్లకు మట్టి కుండీ మంచిది, గోడల నుంచి కూడ ఆరుతది. మర్చిపొయెటోళ్లకు ప్లాస్టిక్‌ది. రంధ్రం లేని పింగాణి కుండీ నచ్చితే, మొక్కను ప్లాస్టిక్ కుండీలనే ఉంచి దాంట్ల దింపుండ్రి, నీళ్లు పోసేటప్పుడు బయటికి తీసి పొయ్యుండ్రి. అడుగున రెండు అంగుళాలు గులకరాళ్లు పోస్తే నీళ్లు మంచిగ దిగుతయి.

చెల్కమట్టి:

కాజీపేట అన్న చెప్పిన మట్టి పాళ్లు సరిగ్గా ఉన్నాయి. గులకరాళ్ల దగ్గర మాత్రం ఒప్పుకోను. సన్నటి మట్టి నీళ్లను స్పాంజిలా పట్టుకుంటుంది. దాని కింద రాళ్లుంటే, పై మట్టి పూర్తిగా నానేదాక ఒక్క చుక్క కూడా రాళ్లలోకి దిగదు. తడిగా ఉండే పొర రాళ్ల మందమంత పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. 6 అంగుళాల కుండీలో రెండు అంగుళాలు రాళ్లకు ఇస్తే వేళ్లకు మిగిలేది నాలుగే. రంధ్రం మీద పాత దోమజాలి ముక్కో, కొబ్బరి పీచో వేస్తే మట్టి కారిపోకుండా ఆగుతుంది, ఇంకేమీ అక్కర్లేదు.

తెల్లపొర కట్టే బోరు నీళ్ల సంగతి. రాత్రి బకెట్లో పట్టి ఉంచి పొద్దున పోస్తే సరిపోతుందని చాలామంది చెప్తారు. అట్లా ఉంచితే నల్లా నీళ్లలోని క్లోరిన్ ఎగిరిపోతుంది గానీ బోరు నీళ్లలోని ఉప్పులు, ఫ్లోరైడ్ అక్కడే ఉంటాయి. స్పైడర్ ప్లాంట్, డ్రసీనాల ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగేది ఎక్కువగా వీటివల్లే. కాబట్టి స్పైడర్‌కు నల్లా నీళ్లు ఒక సీసా పట్టి పెట్టుకోండి, వానకాలంలో వాన నీళ్లు. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పులు ఉండవు, అవీ వాడొచ్చు. వాటర్ ఫిల్టర్ బయటికి వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, బోరులోని ఉప్పులన్నీ చిక్కబడి ఉండేది అందులోనే. బోరు నీళ్లు తప్పనిసరైతే మూడు నెలలకోసారి కుండీని బాత్రూంలో పెట్టి, కుండీ పరిమాణానికి మూడింతలు నల్లా నీళ్లు మెల్లగా పోసి కిందికి పోనివ్వండి. మట్టి మీద, కుండీ అంచున తెల్లపొర కనబడితే ఆ పైపొర అర అంగుళం తీసేసి కొత్తది వెయ్యండి.

ముగ్గుల వాకిలి:

రెండేండ్ల పాప ఉందన్నారు కదా, ఆ మాట మీద ఎవరూ ఆగలేదు. పైన చెప్పిన మనీ ప్లాంట్, జెడ్‌జెడ్, పీస్ లిల్లీ, అగ్లోనిమా అన్నీ మన చామగడ్డ, కందగడ్డల కుటుంబమే. పచ్చి చామగడ్డ చెక్కు తీస్తే చేతులు ఎందుకు దురద పెడతాయో తెలుసు కదా, సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. ఈ ఆకుల్లోనూ అవే ఉంటాయి. పిల్లలు నమిలితే నోరు, నాలుక మండి వాస్తాయి. డీఫెన్‌బేకియా, అంటే లావు కాడ, తెల్లమచ్చల పెద్ద ఆకులది, ఇంకా ఘాటు. దాన్ని ఇంట్లోకి తేకండి. స్నేక్ ప్లాంట్ వేరే కుటుంబం, అయినా తింటే కడుపులో తిప్పి వాంతులు కావచ్చు. కలబంద గుజ్జు పక్కన కారే పసుపు పాలు కూడా విరేచనాలు పట్టిస్తాయి.

నేలమీద పెట్టే కుండీలు స్పైడర్ ప్లాంట్, పెపరోమియా, హవర్షియా ఉండనివ్వండి. ఇవి విషం కావు. హవర్షియా చూడ్డానికి చిన్న కలబందలా ఉంటుంది, పరదా వెనక పడమటి గట్టు మీద బాగా ఉంటుంది, నీళ్లు రెండు వారాలకోసారి చాలు. కలబంద పెట్టాలనుకున్న చోట అదే పెట్టండి. జెడ్‌జెడ్ హాల్లో ఉండాలంటే పాప ఎక్కలేని ఎత్తున, గోడకు గట్టిగా బిగించిన అరలో పెట్టండి. మనీ ప్లాంట్ తీగ కిందికి వేలాడి చేతికి అందేదాక పెరగనివ్వకుండా కత్తిరించండి. కత్తిరించాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ చేత్తో కళ్లు రుద్దుకోకూడదు.

పొరపాటున నమిలితే నోట్లో మిగిలిన ముక్కలు తీసి, తడిగుడ్డతో నోరు తుడిచి, చల్లటి పాలో పెరుగో కొద్దికొద్దిగా ఇవ్వండి. వాంతి చేయించకండి. మింగలేకపోయినా, గొంతు వాచినట్టు ఉన్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి, ఆకు ముక్క వెంట పెట్టుకోండి.

ఇంకో మాట. వంటింట్లో మనీ ప్లాంట్‌ను సీసాలో నీళ్లలో పెంచుతుంటే ప్రతి శుక్రవారం నీళ్లు పూర్తిగా మార్చండి. డెంగీ దోమ గుడ్డు దోమ అయ్యేదానికి వారం పది రోజులు చాలు. నీళ్లు పారబోసినంత మాత్రాన సరిపోదు, గుడ్లు గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి సీసా లోపల బ్రష్‌తో రుద్దాలి. ముదురు రంగు సీసా అయితే పాచి పట్టదు. కొమ్మ కత్తిరించేటప్పుడు గణుపుకు అర అంగుళం కింద కొయ్యండి, ఆ గణుపు నీళ్లలో మునగాలి, ఆకు మునగొద్దు. వేళ్లు వచ్చేది గణుపు నుంచే.

బాల్కనీ లేని ఇల్లు:

అందరికీ శాన థాంక్స్. చామగడ్డ సంగతి తెల్వదు, జెడ్‌జెడ్‌ను అరలకు ఎక్కించినం. స్నేక్, స్పైడర్, మనీ ప్లాంట్ కూడ తెచ్చినం. మూడు వారాలైంది. ఇప్పుడు రెండు సమస్యలు. మనీ ప్లాంట్ కుండీ చుట్టు సన్నటి నల్ల ఈగలు లేస్తున్నయి. ఇంకోటి, స్నేక్ ప్లాంట్ ఒక ఆకు మొదట్ల మెత్తగైంది. మనీ ప్లాంట్‌కు బియ్యం కడిగిన నీళ్లు, వడగట్టిన చాయ్‌పత్త వేస్తున్నం, మంచిదన్నరు. స్నేక్ ప్లాంట్ రాత్రి ఆక్సిజన్ ఇస్తదని మంచం పక్కన పెట్టినం, అది నిజమేనా?

చెల్కమట్టి:

ఈగలు ఆ చాయ్‌పత్తకే వచ్చాయి. పాలు, చక్కెర అంటిన చాయ్‌పత్త, గంజి ఉన్న బియ్యం నీళ్లు పైమట్టిలో బూజు పట్టిస్తాయి. ఆ బూజును తిని బతికే పురుగుల పెద్దవే మీరు చూస్తున్న ఈగలు. కుట్టవు, కానీ వాటి పిల్లలు తడిమట్టిలో లేతవేళ్లనూ కొరుకుతాయి. రెండూ ఆపెయ్యండి. పై అంగుళం మట్టి తీసి పారేసి, కడిగిన దొడ్డు ఉసికె అర అంగుళం పరవండి. పైన రెండు అంగుళాలు పూర్తిగా ఎండేదాక నీళ్లు పొయ్యకండి. పసుపు జిగురు అట్ట ఒకటి కుండీలో గుచ్చితే ఎగిరేవి దానికి అంటుకుంటాయి. అవి పెట్టిన గుడ్లు ఇంకా మట్టిలో ఉంటాయి కాబట్టి మూడు నాలుగు వారాలు ఓపిక పట్టాలి.

స్నేక్ ప్లాంట్‌ను ఈరోజే కుండీలోంచి తీసి చూడండి. మంచి వేరు గట్టిగా, తెలుపు లేదా నారింజ రంగులో ఉంటుంది. కుళ్లింది గోధుమరంగులో, పట్టుకుంటే పైతోలు ఊడి వస్తుంది, వాసన వస్తుంది. మెత్తబడ్డ ఆకును మొదలంటా కోసెయ్యండి, కుళ్లిన వేళ్లు కూడా. ప్రతి కోత తర్వాత కత్తెరను డెట్టాల్‌తో తుడవండి. నీడలో రెండు రోజులు వేళ్లు బయటే ఆరనిచ్చి, పొడి మిశ్రమంలో నాటి, వారం తర్వాతే మొదటి నీళ్లు. కోసిన ఆకు పైభాగం గట్టిగా ఉంటే 4 అంగుళాల ముక్కలు చేసి, కింది వైపు కిందికే ఉండేలా ఉసికెలో గుచ్చొచ్చు. పసుపు అంచు రకమైతే ఆ ముక్కల నుంచి వచ్చే పిల్లలు అంచు లేకుండా ఆకుపచ్చగా వస్తాయి. ఇకనుంచి నీళ్లు ఆకుల నడుమ గుంటలో పొయ్యకండి, మట్టి మీదే పొయ్యండి.

ఆక్సిజన్ సంగతి: స్నేక్ ప్లాంట్ కలబంద లాగే రాత్రిపూట కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటుంది, అది నిజం. మనిషి ఊపిరికి తేడా పడేంత ఆక్సిజన్ ఒక కుండీ ఇవ్వదు. గాలి శుభ్రం చేస్తుందనే ప్రచారానికి మూలం 1989లో నాసా చేసిన ప్రయోగం, అది మూసేసిన చిన్న పెట్టెల్లో జరిగింది. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు ఇట్లాంటి పాత ప్రయోగాల ఫలితాలు లెక్కగట్టారు. తెరిచిన కిటికీ చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని తేలింది. మంచం పక్కన వెలుతురు బాగుంటే ఉంచండి, లేకపోతే కిటికీ వైపు జరపండి.

గోదావరిఖని మేడ:

ఎండాకాలం సంగతి మా దిక్కు నుంచి చెప్త. ఇక్కడ బొగ్గు దుమ్ము, అక్కడ మీకు రోడ్డు దుమ్ము. దుమ్ము పొర ఆకుకు అందే వెలుతురును తగ్గిస్తది, ఆకు రసం పీల్చే ఎర్రనల్లి పురుగుకు చోటు ఇస్తది. వారానికోసారి ఆకు కింద ఒక చెయ్యి పెట్టి, నల్లా నీళ్లల్ల తడిపిన మెత్తటి బట్టతోని పైన, కింద రెండు దిక్కుల తుడువాలె. బోరు నీళ్లతోని తుడిస్తే తెల్లమచ్చలు పడ్తయి. నూనె, పాలు రాసి మెరిపియ్యొద్దు, దుమ్ము ఇంకా అంటుకుంటది.

ఏప్రిల్, మేలల్ల ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు కనపడితే, దాని కింద తెల్లకాగితం పెట్టి ఆకును తట్టుండ్రి. రాలిన చుక్కలు నడుస్తె ఎర్రనల్లి. ముందు బాత్రూంల షవరు కింద ఆకుల అడుగు కడుగుండ్రి. తర్వాత లీటరు నీళ్లకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, ద్రవ సబ్బు 1 మిల్లీలీటరు కలిపి, ముందు ఒక ఆకు మీద కొట్టి ఒక రోజు చూసి, తర్వాత మొత్తం కొట్టాలె. పొద్దుగూకినంకనే, వారానికోసారి, మూడు వారాలు. ఆకు సందులల్ల దూది లెక్క తెల్లగ ఉంటే అది పిండినల్లి, దాన్ని స్పిరిట్‌ల ముంచిన ఇయర్‌బడ్‌తోని ఒక్కొక్కటి తుడిచెయ్యాలె. కూలరు గాలి, ఏసీ గాలి నేరుగ ఆకుకు కొట్టకుంట చూసుకోండ్రి.

ఎరువు జూన్ నుంచి అక్టోబర్ దాక చాలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగ ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు 1 గ్రాము, నెలకోసారి, తడిమట్టి మీద. పొడిమట్టి మీద పోస్తే వేళ్లు కాలుతయి. నడి ఎండాకాలంల, చలికాలంల వద్దు.

దసరాకు పోయేముందు జెడ్‌జెడ్, స్నేక్ రెంటికి ఏం చెయ్యొద్దు, పది రోజులు అవి లెక్కలోకే రావు. స్పైడర్‌కు, మనీ ప్లాంట్‌కు పాత కాటన్ లుంగీ నుంచి అంగుళం వెడల్పు పట్టీ చింపుండ్రి. ముందుగాల పట్టీని తడపాలె, పొడి పట్టీ నీళ్లు ఎక్కియ్యది. ఒక కొసను మట్టిల రెండు అంగుళాలు పాతి, ఇంకో కొసను బకెట్ అడుగుకు తాకియ్యాలె. బకెట్ కుండీ ఎత్తునే ఒక పీట మీద ఉండాలె. బకెట్ మీద మూత గాని, చుట్టు బట్ట గాని కట్టుండ్రి, దోమలు గుడ్లు పెట్టకుంట. పోయేటందుకు మూడు రోజుల ముందే పెట్టి చూడుండ్రి. మట్టి బురద అయితుంటే పట్టీ సన్నగ చింపాలె, ఎండుతుంటే రెండు పట్టీలు పెట్టాలె. కుండీలను ఎండ తగలని చోటికి జరిపి, పరదా సగం తెరిచి పొండ్రి. తలుపులు, పరదాలు అన్ని మూస్తే పది రోజుల చీకటికి మనీ ప్లాంట్ ఆకులు రాలుస్తది.